రామప్ప మదనికల కోసం కొన్న కెమెరా

మాది హన్మకొండ. రామప్ప గుడికి ఏటా రెండు మూడుసార్లు పోతాను. చూరు కింద నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) నగలు ఫోన్‌లో ఎంత దగ్గరికి లాగినా అలుక్కుపోయేవి. అందుకే కేనన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740 తీసుకున్నాను. బరువు దాదాపు 300 గ్రాములు, ప్యాంటు జేబులో పడుతుంది. ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్‌తోనే దగ్గరికి లాగేది, 40 రెట్లు. కొనేముందు ఈ ఆప్టికల్ అంకెనే చూడండి. డిజిటల్ జూమ్ అప్పటికే ఉన్న బొమ్మను సాగదీస్తుంది, అంతే.

మొదటి రోజే ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక పాదాన్ని కింద నిలబడే తీశాను. చెప్పు అంచు ఉలి గీతతో సహా వచ్చింది. ఎంత సంతోషమైందో! ఇన్నేళ్లుగా చూస్తున్న గుడే, కొత్తగా చూసినట్టుంది.

పూర్తి జూమ్‌లో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్6.9కి చిన్నదవుతుంది, వెలుతురును బొమ్మగా మార్చే సెన్సర్ కూడా చిన్నదే. కాబట్టి వెలుతురు బాగా కావాలి. మండపం లోపలి చీకట్లో జూమ్ వాడను, బయటి శిల్పాలకు పొద్దున్నే పోతాను. గోడకో స్తంభానికో మోచెయ్యి ఆనిస్తే చెయ్యి వణకదు. దీనికి వ్యూఫైండర్ లేదు. ఎండలో కన్ను ఆనించి చూడాలనుకునేవారికి వ్యూఫైండర్ ఉన్న పానాసోనిక్ టీజెడ్95 కెమెరా నయం, జూమ్ మాత్రం 30 రెట్లే. నాకు ఆ మిగతా పదే ముఖ్యం. వచ్చే ఆదివారం పాకాల చెరువు కొంగల దగ్గరికి తీసుకుపోతున్నాను.