టూరింగ్ బండికి కొత్త టైర్లు: రోడ్ 6, టీ32, రోడ్‌టెక్ 01 ఎస్ఈ... ఏది మేలు?

టూరింగ్ బైకు (దూర ప్రయాణాల బండి) ఉన్నవాళ్లు టైర్లు మార్చాల్సిన టైమ్ వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "వీటిలో ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది?" ఆ వెంటనే మూడు పేర్లు చెప్తారు. మిషెలిన్ రోడ్ 6, బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్‌లాక్స్ టీ32, మెట్జలర్ రోడ్‌టెక్ 01 ఎస్ఈ. ఈ మధ్యే నా బండికీ రెండు టైర్లూ మార్చాల్సి వచ్చింది. నేనూ ఈ మూడింటి మధ్యే చాలాకాలం ఊగిసలాడాను. విడివిడిగా అందరికీ జవాబు చెప్పే బదులు అంతా ఒకచోటే రాసేస్తున్నాను.

కొత్తగా వేయించిన రోజు ఈ మూడూ బ్రహ్మాండంగానే ఉంటాయి. పొడి రోడ్డు మీద, మామూలు వేగంలో, కళ్లకు గంతలు కట్టి అడిగితే ఏ టైరో చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువమంది. అందుకే కొత్త టైరును కొత్త టైరుతో పోల్చి రాసే రివ్యూలు టూరింగ్ చేసేవాళ్లకు పెద్దగా పనికిరావని నా అభిప్రాయం. టైరుకు అసలు పరీక్ష సగం అరిగాకే మొదలవుతుంది. మనం దాని మీద గడిపే కాలంలో పెద్ద భాగం కూడా అప్పుడే.

టూరింగ్ బండి బతుకంతా ఎక్కువగా తిన్నటి రోడ్ల మీదే గడుస్తుంది. సామాను పెట్టెలు, వెనక మనిషి, ఇంజిన్ లాగుడు అన్నీ కలిసి వెనక టైరు నడిమి భాగం మీదే పడతాయి. అక్కడి రబ్బరు అరుగుతూ పోతుంది, పక్కలు మాత్రం కొత్తవాటిలాగే ఉండిపోతాయి. గుండ్రంగా ఉండాల్సిన టైరు మెల్లగా పలకబారుతుంది. ఇది రోజుకింత చొప్పున జరుగుతుంది కాబట్టి నడిపేవాళ్లకు తెలియదు, చేతులు దానికి అలవాటు పడిపోతాయి. బండిని మలుపులోకి వంచితే మొదట మొండికేస్తుంది, చదునైన చోటు దాటగానే ఒక్కసారిగా అటు పడిపోతున్నట్టు అనిపిస్తుంది. మలుపు మధ్యలో హ్యాండిల్‌ను రెండుమూడుసార్లు సరిచేయాల్సి వస్తుంది. సాయంత్రానికి భుజాలు లాగుతుంటే సస్పెన్షన్ పోయిందేమో, స్టీరింగ్ బేరింగులు పోయాయేమో అని అనుమానపడతాం. చాలాసార్లు అసలు కారణం ఆ పలకబారిన వెనక టైరే.

దీన్ని పట్టుకోవడానికి ఒక స్టీలు స్కేలు చాలు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, స్కేలును వెనక టైరు నడిమి మీద అడ్డంగా ఆనించి వెనక నుంచి టార్చి వేసి చూడండి. కొత్త టైరైతే స్కేలు మధ్యలో సన్నటి గీతలా మాత్రమే తగులుతుంది, రెండు వైపులా వెలుతురు కనిపిస్తుంది. పలకబారిన టైరు మీద మూడు వేళ్ల వెడల్పున స్కేలు అతుక్కుపోయినట్టు కూర్చుంటుంది, వెలుతురు అంచుల దగ్గర తప్ప రాదు. గాడిలో ఇంకా లోతు ఉన్నా సరే, టైరు ఆ స్థితికి వస్తే దాని సుఖమైన రోజులు అయిపోయినట్టే. ముందు టైరు కథ వేరు. అది బ్రేకు దెబ్బలకు, మలుపులకు పక్కల్లో ఎక్కువ అరుగుతుంది. దాని మీద అరచేత్తో ఒక దిశలో నిమిరితే నున్నగా జారి, ఎదురు దిశలో నిమిరితే మెట్లు మెట్లుగా తగిలితే, నడిపేటప్పుడు వినిపించే గరగర చప్పుడు, హ్యాండిల్‌లో వణుకు అక్కడి నుంచే వస్తున్నాయి.

ఇక కిలోమీటర్ల లెక్క. ఈ తరగతి టైర్లలో వెనకది సుమారు 10,000 నుంచి 15,000 కిలోమీటర్లు రావడం మామూలు. ముందుది కాస్త ఎక్కువే వస్తుంది. బండి బరువు, రోడ్డు గరుకుదనం, గాలి, యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి... ఇవి మార్చినంతగా కంపెనీ పేరు ఆ లెక్కను మార్చదు. 15,000 వచ్చినా చివరి 5,000 పలకబారిన టైరుతో కుస్తీ పడుతూ నడిపితే నా దృష్టిలో అది 10,000 కిలోమీటర్ల టైరే. 12,000కే అయిపోయినా చివరిదాకా గుండ్రంగా నిలిచి, వానలో భయపెట్టని టైరు అంతకన్నా మేలు.

ఈ కళ్లతో చూస్తే మూడింటి మధ్య తేడాలు బయటపడతాయి.

బ్యాట్‌లాక్స్ టీ32 (2021) కొత్తలో నాకు అన్నిటికన్నా నచ్చిన టైరు. చెయ్యి ఎంత అడిగితే అంతే తిరుగుతుంది, ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. నీళ్లు త్వరగా బయటికి తోసేలా దీని గాడుల వెడల్పును హెచ్చుతగ్గులుగా మలిచారు. ఆ గాడులు లోతుగా ఉన్నన్నాళ్లూ వానలో ధైర్యంగా నడపొచ్చు. బరువు తక్కువున్న బండికి, ఘాట్ రోడ్ల మలుపులు ఎక్కువ తిరిగేవాళ్లకు దీన్ని కళ్లు మూసుకుని చెప్తాను. కానీ నిండా సామానుతో రోజంతా హైవే మీద పరుగెత్తే బండ్ల మీద నేను చూసినంతవరకు మూడింటిలో ఇదే ముందుగా పలకబారింది.

రోడ్‌టెక్ 01 ఎస్ఈ నెమ్మదస్తురాలు. మలుపులోకి అంత చురుగ్గా దిగదు, దిగాక మాత్రం కదలదు. చల్లటి రోడ్డు, తడి రోడ్డు, అతుకుల గతుకుల రోడ్డు, దేని మీదైనా ఒకేలా ఉంటుంది. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని పెద్ద బండి నడిపేవాళ్లు దీన్ని వదలకపోవడానికి కారణం ఆ స్థిరత్వమే. మెట్జలర్ ఎన్నో ఏళ్లుగా వాడుతున్న సున్నా డిగ్రీల స్టీలు బెల్టు ఇందులోనూ ఉంది. చక్రం తిరిగే దిశలోనే చుట్టిన సన్నటి స్టీలు తీగ అది. వేగం పెరిగినప్పుడు టైరు ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. పలకబారే విషయంలో టీ32 కన్నా నయం. వాన పట్టు చివరి దశలో కొంత తగ్గుతుంది, అయితే ఎప్పుడు తగ్గిందో ముందే తెలిసేలా తగ్గుతుంది. అది చిన్న గుణమేమీ కాదు.

రోడ్ 6 (2022) దగ్గర నేను ఆగిపోయింది దాని గాట్ల వల్ల. ట్రెడ్ (రోడ్డుకు ఆనే పైరబ్బరు) మీద పెద్ద గాడులతో పాటు కత్తితో కోసినట్టు సన్నటి గాట్లు ఉంటాయి. 2011 నాటి పైలట్ రోడ్ 3 నుంచీ మిషెలిన్ ఈ దారిలోనే ఉంది. కొత్త తరంలో ఆ గాటు పైన సన్నగా మొదలై లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. మామూలు గాడి అరిగేకొద్దీ లోతు పోయి నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. ఇక్కడ పైరబ్బరు అరిగేకొద్దీ గాటు నోరు పెద్దదవుతుంది కాబట్టి లోతులో పోయినది వెడల్పులో కొంత తిరిగి వస్తుంది. పైకన్నా లోపల వెడల్పుగా ఉండే ఆకారాన్ని మామూలు అచ్చుతో తీయడం కుదరదని, లోహాన్ని 3డీ ప్రింట్ చేసిన ముక్కలతో అచ్చు తయారు చేస్తారు. సగం అరిగిన టైరుతో వానలో నడపాల్సి వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ ఇది. సగం అరిగాక ఎలా ఉంటుందన్న నా ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పింది ఇదొక్కటే.

రబ్బరు సంగతి కూడా చెప్పాలి. రోడ్ 6లో ముందూ వెనకా రెండు టైర్లకూ నడుమ గట్టి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం), పక్కల్లో మెత్తటిది వాడారు. ఆ గట్టి రబ్బరు పక్కల్లోని మెత్తటి రబ్బరు కింద కూడా పరుచుకుని ఉంటుంది. బండి బాగా వంగినప్పుడు పక్కలు నలిగిపోయినట్టు కదలకుండా అది ఆపుతుంది. దీనికి ముందు తరమైన రోడ్ 5 కన్నా తడి పట్టు 15 శాతం, జీవితం 10 శాతం ఎక్కువని కంపెనీ చెప్తోంది. కంపెనీ మాట కాబట్టి కొంచెం తగ్గించుకునే వినండి. లోపం లేదా అంటే ఉంది. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు ముందు టైరు రోడ్డు గురించి చేతులకు చెప్పే కబురు టీ32 చెప్పినంత స్పష్టంగా ఉండదు. చురుగ్గా నడిపేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

పేరు తేల్చుకున్నాక చాలామంది తప్పటడుగు వేసేది బరువు బండ్ల రకం దగ్గర. రోడ్ 6కు జీటీ, టీ32కూ జీటీ, రోడ్‌టెక్‌కు హెచ్‌డబ్ల్యూఎం, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2కు "ఏ" స్పెక్... ఇవన్నీ బరువైన బండ్ల కోసం చేసినవి. "సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మామూలు రకానికీ, బరువు రకానికీ 73 అనే ఉంది కదా, తేడా ఏముంది?" అని అడుగుతారు. లోడ్ ఇండెక్స్ 73 అంటే సరైన గాలితో ఆ టైరు 365 కిలోలు మోయగలదని. ముందు టైరు మీద ఉండే 58 అంటే 236 కిలోలు. మోయగలగడం వరకు రెండు రకాలూ మోస్తాయి. తేడా లోపలి అల్లికలో ఉంటుంది. ఆ బరువు కింద టైరు ఎంత నలుగుతుంది, ఎంత వేడెక్కుతుంది, ఆకారం ఎన్నాళ్లు నిలుపుకుంటుంది అన్నది లోడ్ అంకె చెప్పదు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 ఆర్‌టీ ఖాళీగానే 279 కిలోలు, కే 1600 జీటీ 343 కిలోలు. యమహా ఎఫ్‌జేఆర్ 1300, హోండా ఎస్‌టీ 1300 కూడా ఈ కోవలోవే. వీటికి మామూలు రకం వేయిస్తే నడుమ త్వరగా చదునవుతుంది, మలుపుల్లో వెనక భాగం మెత్తగా ఊగుతుంది. అదే 220 కిలోల బండికి, ఒక్కరే నడిపేటప్పుడు జీటీ రకం వేయిస్తే ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. నా బండి బరువైనదే కాబట్టి రోడ్ 6 జీటీ వేయించాను. తేలికైన బండైతే మామూలు రోడ్ 6 తీసుకునేవాణ్ని.

మిగతావాటి గురించి క్లుప్తంగా. ఏంజెల్ జీటీ 2 (2019) మంచి టైరు, చురుకుదనంలో టీ32కు దగ్గరగా ఉంటుంది. కాంటినెంటల్ రోడ్‌అటాక్ 4లో రెండు రకాల రబ్బరు వాడరు, ఒకే రబ్బరును నడుమ గట్టిగా, పక్కలకు పోయేకొద్దీ మెత్తగా ఉండేలా వేడితో పక్వం చేస్తారు. త్వరగా వేడెక్కుతుంది, మలుపుల ప్రియులకు నచ్చుతుంది. డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4 ఎక్కువకాలం వస్తుందని పేరు. టీ33, రోడ్‌టెక్ 02 లాంటి తర్వాతి తరాలూ వచ్చాయి, పైన చెప్పిన పరీక్షే వాటికీ పెట్టండి. స్పోర్ట్ టైర్లు టూరింగ్‌కు వద్దు, సగం కిలోమీటర్లకే మళ్లీ షాపుకెళ్లాలి. పెద్ద బండ్లకు వెనక కారు టైరు వేసుకునేవాళ్లూ ఉన్నారు. వంగని వాహనం కోసం చేసిన టైరును వంగే బండికి వేయమని నేను ఎవరికీ చెప్పను.

గాలి సరిగ్గా లేకపోతే ఈ పోలికంతా వృథా. ఈ సైజు బండ్లకు చాలావాటిలో ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, వాడుకలో పాయింట్లు) అని ఉంటుంది. మీ బండి మీద అతికించిన స్టిక్కర్లో ఏముందో అదే ఫైనల్, ఇద్దరికీ సామానుకూ వేరే అంకె ఇచ్చి ఉంటే అదీ పాటించండి. చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. దారిలో బంకు దగ్గర చూస్తే వేడికి నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మర్నాడు తక్కువ గాలితో బయల్దేరుతారు. తక్కువ గాలితో, నిండు బరువుతో పరుగెత్తే టైరు లోపల వేడెక్కి చెడిపోతుంది. అలాగని మెత్తగా ఉందని ఐదారు పాయింట్లు ఎక్కువ కొట్టించినా నడుమ ఒక్కటే ఆని త్వరగా పలకబారుతుంది.

వెనకది ఒక్కటే అరిగితే ముందుదీ మార్చాలా అని కూడా తరచూ అడుగుతారు. ముందుది సగానికి పైగా ఉండి, మెట్లు పడకుండా ఉంటే ఉంచేయండి, వెనక మాత్రం అదే మోడల్ వేయించండి. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ పెట్టి బండి తీరు బాలేదని టైర్లను తిట్టడం న్యాయం కాదు. ఒక చక్రానికి రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా పోయేది), ఇంకోదానికి బయాస్ (దారాలు ఏటవాలుగా పోయేది) మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, బండి తయారీదారే అలా చెప్పి ఉంటే తప్ప. షాపులో టైరు రిమ్ముకెక్కించకముందే దాని పక్కన DOT (డాట్) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలూ చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగైదేళ్లు గోడౌన్లో పడున్నదైతే ఎంత తగ్గించి ఇస్తానన్నా వెనక్కి ఇచ్చేయండి.