మౌంట్‌ను తిప్పే కమాండ్‌కి డాక్యుమెంటేషన్: పట్టికా? సంభాషణా? ఏది మేలు?

టెలిస్కోప్ మౌంట్‌ని, అంటే టెలిస్కోప్‌ని మోసే మోటార్ల స్టాండ్‌ని, ఒక నక్షత్రం వైపు తిప్పే కమాండ్ గురించి రాయడానికి రెండు పద్ధతులున్నాయి. కమాండ్, దాని పని, జవాబు అంటూ వరసకొకటి చొప్పున పట్టిక వేయడం ఒకటి. ఏం పంపితే ఏం వస్తుందో ఉన్నదున్నట్టు చూపించడం రెండోది. మీడ్ కంపెనీ ఎల్‌ఎక్స్200 ప్రోటోకాల్ (మౌంట్‌తో మాట్లాడే కమాండ్ల భాష) పాతదే గానీ, ఆన్‌స్టెప్ లాంటి సొంతంగా కట్టుకునే కంట్రోలర్లు ఇప్పటికీ ఆ భాషే మాట్లాడతాయి. ముందు దాన్నే చూద్దాం.

పట్టికలో గో-టు కమాండ్ ఇలా ఉంటుంది: ":ఎంఎస్#, టార్గెట్‌కి వెళ్తుంది, జవాబు 0, 1 లేదా 2". చూడ్డానికి నీట్‌గా ఉంది, కోడ్ రాసేవాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. 0 వస్తే మౌంట్ బయల్దేరినట్టు, దాని వెనక # ఉండదు. 1 వస్తే ఆ నక్షత్రం హొరైజన్ కింద ఉన్నట్టు, వెంటనే ఒక వాక్యం, దాని చివర # వస్తాయి. # దాకా చదివే ఫంక్షన్ రాశారనుకోండి, అంతా సవ్యంగా ఉన్నప్పుడే టైమ్‌ఔట్ అవుతుంది! పోనీ ఒక్క అక్షరమే చదివి ఊరుకుంటే, 1 వచ్చిన రోజు మిగతా వాక్యం బఫర్‌లో ఉండిపోయి తర్వాతి ప్రశ్నకి జవాబుగా వచ్చి కూర్చుంటుంది.

అదే ఆర్ద్ర (బెటెల్‌జ్యూస్) నక్షత్రంతో సంభాషణగా రాస్తే (మొదటి వరస రైట్ అసెన్షన్, అంటే ఆకాశంలో తూర్పు-పడమర స్థానం; రెండోది డిక్లినేషన్, అంటే ఉత్తర-దక్షిణ స్థానం; నాలుగోది "ఇంకా కదులుతున్నావా?", ఐదోది "ఆగు"):

:ఎస్‌ఆర్05:55:10# → 1
:ఎస్‌డి+07*24:25# → 1
:ఎంఎస్# → 0
:డి# → కదులుతున్నంతసేపు నిండు గీత, #. ఆగాక ఉత్త #
:క్యూ# → జవాబు రాదు, ఎదురుచూడొద్దు

మొదటి రెండింటికీ వచ్చే 1 అంటే "సరే", మూడోదానికి 1 వస్తే "కుదరదు". పక్కపక్కన పెడితే తప్ప ఈ తిరకాసు కంటికి ఆనదు.

టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాలే. మన లిపిలో పెద్ద బడి, చిన్న బడి లేవు కాబట్టి మాటల్లోనే చెప్పాలి: మూడో వరసలో ఎస్ పెద్దది. చిన్న ఎస్ పడితే అది "దక్షిణానికి జరుగు" అనే వేరే కమాండ్. దానికి జవాబూ ఉండదు, క్యూ కమాండ్ పంపేదాకా కదలిక ఆగదు. ట్యూబ్ వెళ్లి ట్రైపాడ్ కాలికి తగలొచ్చు. ఈ హెచ్చరిక ఆ వరస పక్కనే ఉండాలి, వెనక పేజీలో కాదు.

నమూనాని చేత్తో మళ్లీ టైప్ చేయకుండా లాగ్ నుంచి కాపీ చేయాలి. డిక్లినేషన్ అడిగితే కొన్ని మౌంట్లు డిగ్రీ గుర్తుగా 223 నంబరు బైట్ పంపుతాయి. పైథాన్‌లో దాన్ని యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే అక్కడికక్కడే ఎర్రర్. టైప్ చేసిన నమూనాలో ఆ బైట్ మామూలు * అయిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఖగోళ పరికరాల్ని నెట్‌వర్క్ మీద నడిపే ఆస్కామ్ ఆల్పాకా అనే ప్రోటోకాల్ దగ్గరికొస్తే మొగ్గు పట్టిక వైపే. అది హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది, ప్రతి జవాబూ ఒకే అచ్చు జేసన్ (పేరు-విలువ జతల టెక్స్ట్), స్పెసిఫికేషన్ ఓపెన్‌ఏపీఐ (ఏపీఐల్ని వర్ణించే ప్రామాణిక పద్ధతి) రూపంలో ఉంది. ఇక్కడ సంభాషణ రాయడం పేజీలు దండగ. కాకపోతే పట్టికకి రెండు ముక్కలు తగిలించాలి. స్టేటస్ 200 వచ్చినంత మాత్రాన మౌంట్ కదిలినట్టు కాదు, ఎర్రర్‌నంబర్ సున్నా అయిందో లేదో చూడాలి. మౌంట్‌ని పార్క్ చేసి (కదలకుండా నిలిపి) ఉంటే 1032 వస్తుంది. రెండోది, రైట్ అసెన్షన్ ఇవ్వాల్సింది గంటల్లో. ఆర్ద్రకి 5.919 ఇవ్వాలి. డిగ్రీల్లో 88.79 ఇస్తే పరిధి దాటిందని 1025 వస్తుంది, అది మేలే. ఆండ్రోమెడా గాలక్సీకి డిగ్రీల్లో 10.68 ఇస్తే మాత్రం కిక్కురుమనకుండా తీసుకుని సప్తర్షి మండలం వైపు పోతుంది.

ఏ పద్ధతిలో రాసినా తరచూ ఎగిరిపోయేది ఎపాక్, అంటే ఆ స్థానం ఏ ఏటి లెక్కదో అన్న సంగతి. పైన ఆర్ద్రకి ఇచ్చిన అంకెలు జే2000వి, అంటే 2000 నాటి లెక్కవి. మౌంట్ ఈనాటి స్థానం ఆశిస్తుంటే, 25 ఏళ్ల అయనచలనం (భూమి అక్షం నెమ్మదిగా దిశ మారడం) వల్ల సుమారు 20 ఆర్క్‌మినిట్లు పక్కకి పోతుంది, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో మూడింట రెండొంతులు. పొడవు ఫోకల్ లెంగ్త్‌కి చిన్న సెన్సార్ తగిలిస్తే ఫ్రేమ్‌లో నక్షత్రమే ఉండదు. ఆల్పాకాలో ఈక్వటోరియల్‌సిస్టమ్ అనే ప్రాపర్టీని అడిగితే మౌంట్ ఏది ఆశిస్తోందో చెబుతుంది. ఎల్‌ఎక్స్200లో అడిగే వీలు లేదు కాబట్టి ఫర్మ్‌వేర్ వెర్షన్‌తో కలిపి మొదటి వరసలోనే రాసి పెట్టాలి.