తీగలు లేని వీధిలో ఆరేళ్లు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని బరంపురంలో మేము తలుపుకు బీరువా అడ్డుపెట్టి కూర్చున్నాం. తెల్లవారి చూస్తే వీధి నిండా విరిగిన స్తంభాలు, వాటికి చుట్టుకుపోయిన తీగలు. మా ఇంటికి కరెంటు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ బాధ పడినవాణ్ణి కనుక, ఆరేళ్ల క్రితం భూగర్భ కేబుల్ కోసం మా కాలనీ రోడ్డు తవ్వుతుంటే అందరూ విసుక్కున్నా నాకు మాత్రం సంతోషమే కలిగింది.

ఆ సంతోషం వృథా కాలేదు. గాలివాన వస్తే వీధిలో తీగ తెగిపడుతుందన్న భయం పోయింది. ఏటా కొమ్మలు నరికించుకునే మా వేపచెట్టు ఇప్పుడు మేడను దాటి పెరిగింది. అయితే కరెంటు అసలు పోదని అనుకోకండి. కాలనీకి కరెంటు తెచ్చే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఊరి బయట ఇంకా స్తంభాల మీదే ఉంది. అక్కడ చెట్టు కూలితే మాకూ చీకటే.

అసలు ఇబ్బంది నీటితో. రెండో వర్షాకాలంలో ఒక రాత్రి సగం వీధికి సరఫరా ఆగింది. పైతీగ తెగితే కంటికి కనిపిస్తుంది. కేబుల్ ఉన్నది మీటరు లోతున, ఇసుక, ఇటుకల కింద. ఎక్కడ చెడిందో పరీక్షించే యంత్రం తెచ్చి, రెండు కేబుల్ ముక్కలు కలిపిన జాయింటులోకి నీరు దిగిందని తేల్చేసరికి రెండు రోజులు గడిచాయి. పల్లంలో పెట్టిన ఫీడర్ పెట్టెలోకి (కేబుల్ నుంచి ఇళ్లకు కరెంటు పంచే పెట్టె) కూడా వాన నీరు చేరేది. మేమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాక దాన్ని రెండు అడుగుల దిమ్మె మీదికి ఎత్తారు. అప్పటి నుంచి పెట్టె వల్ల ఒక్కసారి కూడా సరఫరా ఆగలేదు. ఈ పని మొదటే చేయవలసింది.

భూగర్భ కేబుల్ ఖర్చు పైతీగలకయ్యేదానికి కొన్ని రెట్లు ఎక్కువని తెలుసు. అయినా మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో ఆడవాళ్లు తీగల కిందుగా తలపై ఘటాలెత్తుకుని నడిచే పాత ఊరి ఇరుకు సందులకే ఇది ముందు రావాలని నా గట్టి కోరిక.

మీ వీధిలో తవ్వకం మొదలైతే, గుంత పూడ్చకముందే జాయింట్ల దగ్గర ఫొటోలు తీసి, ఏ గేటుకు ఎన్ని అడుగుల దూరమో రాసిపెట్టుకోండి. మా వీధిలో గుర్తురాళ్లు పాతలేదు. మొన్నటి వానల్లో లైన్‌మన్ వచ్చి నా ఫోనులోని ఫొటో చూసే తవ్వాడు. మధ్యాహ్నానికల్లా కరెంటు వచ్చింది.