గిటారు బాడీకి ఏ చెక్క మేలు: టేకా, పనసా, గుమ్మడి టేకా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు చేసుకుందామనుకునే కుర్రాళ్ల చూపు ముందు టేకు మీదే పడుతుంది. ఇంట్లో పాత తలుపో దూలమో ఉంటుంది, ఏళ్ల తరబడి ఆరిన చెక్క, చెదలు కూడా అంత తేలిగ్గా పట్టవు. అయినా బాడీ మొత్తం టేకుతో చెయ్యొద్దంటాను.

బరువే కారణం. అమెరికా గిటారు కంపెనీ ఫెండర్ వాళ్లు 1956 నుంచి తమ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారుకి ఎక్కువగా వాడిన ఆల్డర్ అనే విదేశీ చెక్క ఘనమీటరుకి సుమారు 450 కిలోలు తూగుతుంది. టేకు 650 దాకా పోతుంది. ఒకే ఆకారం, 44 మిల్లీమీటర్ల మందం అనుకుంటే ఆల్డర్ బాడీ రెండు కిలోలుంటే టేకుది మూడుకి దగ్గర. నెక్, ట్యూనర్లు, బ్రిడ్జి లాంటి మిగతా భాగాలు బిగించాక రాత్రంతా నిలబడి వాయించేవాడి భుజం పడిపోతుంది.

పనస మీద మనవాళ్లకి నమ్మకం ఎక్కువ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు తరతరాలుగా పనస మొద్దుతోనే చెక్కుతున్నారు మరి. చిత్రిక పట్టగానే పచ్చగా మెరిసి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకి తిరిగే ఆ చెక్కంటే నాకూ ప్రాణం. కానీ వీణ కుండ బోలుగా ఉంటుంది, అక్కడ చెక్కే మోగాలి. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతం, తీగచుట్ట) పట్టుకునేది ఉక్కు తీగ కదలికని. వీణకి పనసని అందలమెక్కించిన గుణం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. పైగా అదీ ఆల్డర్ కన్నా బరువే.

మామిడి చవకే గానీ పురుగు పడుతుంది, వదిలేయండి.

నా ఓటు గుమ్మడి టేకుకి. పేరులో టేకు ఉన్నా ఇది వేరే చెట్టు. అడితిలో గంభారి అని అడిగితే ఇస్తారు. బరువు ఆల్డర్‌కి దగ్గర, ఉలికి హాయిగా లొంగుతుంది, సరిగ్గా ఆరితే వంకర పోదు. మెత్తదనమే దీని లోపం. గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది. అందుకని 38 మిల్లీమీటర్ల గుమ్మడి టేకు మీద 6 మిల్లీమీటర్ల టేకు పలక అతికించండి. ఇంకో అమెరికా కంపెనీ గిబ్సన్ వాళ్లు 1952లో లెస్ పాల్ అనే గిటారుకి మహాగనీ మీద మేపుల్ పలక వేశారు, ఇదీ అలాంటి జోడీయే. దెబ్బలు టేకు కాస్తుంది, పెరిగే బరువు వంద గ్రాముల చిల్లర. పాత తలుపు పలక ఇక్కడ చక్కగా పనికొస్తుంది. చిత్రిక పట్టే ముందు స్పీకరు అయస్కాంతం ఒకటి చెక్క మీద అంగుళం అంగుళం జరిపి చూడండి, విరిగి లోపల ఉండిపోయిన మేకు దొరికిపోతుంది.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. అతికించే వైపు గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాసి క్లాంపులు బిగించాలి. మర్నాటిదాకా విప్పొద్దు.

కోత మిల్లు నుంచి కొత్తగా తెచ్చిన గుమ్మడి టేకు అయితే నీడలో, గాలి ఆడేచోట పెట్టి వారానికోసారి తూచి, ఆ అంకె పెన్సిల్‌తో చెక్క మీదే రాయండి. వరసగా కొన్ని వారాలు అంకె మారకపోతేనే రంపం పట్టండి.