గిల్టు కిరీటం, తగ్గని దీపం

అమెరికన్ నాటకకర్త టెన్నెసీ విలియమ్స్ రాసిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకాన్ని తెలుగు చేసుకొని ఆడడానికి మా కోనసీమ నాటక సమాజం ఈమధ్య రాజమహేంద్రవరంలోని ఒక పాత దుకాణం నుంచి దుస్తులు, నగలు, దీపాలు అద్దెకు తెచ్చుకొంది. మూడు రోజుల అద్దె నాలుగు వేలు, బయానా వేరు. దుస్తుల విషయంలో ఆ దుకాణానికి వంక పెట్టలేను గాని, దీపాల విషయంలో మాత్రం మెచ్చుకోలేను.

పౌరాణిక నాటకంలో గిల్టు బంగారంలా మెరవాలి. ఈ నాటకంలో గిల్టు గిల్టులాగే కనిపించాలి. పూర్వీకుల ఎస్టేటు చేజారిపోగా న్యూ ఆర్లియన్స్‌లో చెల్లెలి రెండు గదుల ఇంటికి చేరిన కథానాయిక బ్లాంచ్‌కు మిగిలింది ఒక ట్రంకు పెట్టె. రెండో రంగంలో మరిది స్టాన్లీ ఆ పెట్టెను తిరగేసి, బొచ్చు కోట్లనూ రాళ్ల కిరీటాన్నీ చూసి అదంతా ఆస్తేననుకొంటాడు. అవి చౌకరకానివని చెల్లెలు స్టెల్లా చెబుతుంది. స్టాన్లీ మోసపోయేంత మెరుపూ, ప్రేక్షకులు పోల్చుకొనేంత వెలితీ ఒకే కిరీటంలో ఉండాలన్నమాట. దుకాణం యజమాని ముందుగా కథంతా అడిగి తెలుసుకొని, రెండు రాళ్లు ఊడిపోయిన పాత కిరీటాన్ని తీశారు. కొత్తది ఇమ్మని నేను పట్టుబడితే, “ఆయ్, మాస్టారూ, ఈవిడ దగ్గర కొత్తదెలా ఉంటుందండీ?” అన్నారు. నా అనువాదాన్ని నాకంటే ఆయనే బాగా చదివినట్లు అనిపించింది. కలరా ఉండల వాసన కొట్టే ఆ కోటును మన ఉక్కపోతలో మోసిన నటి అవస్థ వేరే సంగతి.

వెలుతురంటే బ్లాంచ్‌కు భయం. వయసు బయటపడకుండా బల్బుకు చైనా కాగితపు బుట్ట తొడిగిస్తుంది. తొమ్మిదో రంగంలో, ఆమెను పెళ్లాడాలనుకొన్న మిచ్ దాన్ని చింపేసి, దీపం వేసి ఆమె ముఖం చూస్తాడు. యజమాని గాలిపటాల కాగితంతో అటువంటి బుట్టలు నాలుగు కట్టి, ఒక్క లాగుకే చిరిగేలా మూడు చోట్ల మాత్రమే మైదా జిగురు పెట్టారు. అంత శ్రద్ధా దీపాల దగ్గర నీరుగారిపోయింది. 1947లో న్యూయార్కు తొలి ప్రదర్శనకు రంగాలంకరణనూ దీపాలనూ జో మీల్జినర్ ఒక్కరే రూపొందించారు. ఇక్కడ దుస్తులు యజమానివి, దీపాలు ఆయన మరొకరికి అప్పగించినవి, ఆ ఇద్దరూ ఒక్కసారైనా కలిసి మాట్లాడుకొన్న జాడ లేదు. వెలుతురును తగ్గించి పెంచే డిమ్మర్ పనిచేయకపోవడంతో తెర లేచింది మొదలు ఫోకస్ లైట్లు నిండుగా వెలిగి, మేకప్పులో గీసిన ప్రతి ముడతా చివరి వరుసకు కూడా కనిపించింది. మిచ్ బుట్ట చింపేటప్పటికి చూడవలసిన కొత్త ముఖమేదీ మిగలలేదు. భ్రమను ముందు కట్టనిదే దాన్ని పడగొట్టడం కుదరదు కదా. మా బ్లాంచ్ మొదటి రంగంలోనే ఓడిపోయింది. అయినా పదకొండో రంగంలో స్టాన్లీ అదే కాగితపు బుట్టను పీకి చేతికిస్తున్నప్పుడు ఆమె తన ఒంటినే చింపినట్లు కేక పెట్టగా, అరటికాయ బజ్జీల పొట్లాలు విప్పుతున్న చప్పుడు కూడా ఆగింది. ఆ గొప్ప నటిది, లైట్లది కాదు.

డిమ్మర్‌ను ముందురోజే వెలిగించి చూసుకోకపోవడం మా తప్పే. ఈసారి దుస్తులు, నగలు ఈ దుకాణంలోనే తీసుకొని, దీపాలు మరోచోట మాట్లాడుకొంటాము. కిరీటాన్ని తిరిగి అప్పగించేనాటికి మూడో రాయి కూడా ఊడిపోయింది. యజమాని లెక్కపెట్టి చూసి, బయానాలో ఒక్క రూపాయీ కోయకుండా దాన్ని అదే పెట్టెలో పెట్టేశారు.