జాగ్రత్త: "పాఠకులే రచనలు పంపుకునే ఫారం" ఉన్న వెబ్‌సైట్ కొంటున్నారా? బ్యాలెన్స్ కట్టేముందు ఇవి చూసుకోండి

విజయవాడ, గుంటూరుల్లో చిన్న పత్రికలు, సాహిత్య సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు నడిపేవాళ్ల కోసం ఈ హెచ్చరిక. "మీ పాఠకులు లాగిన్ లేకుండానే కథ, కవిత, వార్త పంపుకోవచ్చు, ఫారం మీకు కావలసినట్టు మార్చి ఇస్తాం" అంటూ వెబ్‌సైట్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. డెమోలో ఫారం ముచ్చటగానే ఉంటుంది. పేరు, ఫోన్, శీర్షిక, రచన, ఫొటో, కింద సబ్మిట్ బటన్. ఆ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూపించరు. కొన్నవాళ్లు ఇరుక్కుంటున్నది అక్కడే.

అమ్మినవాళ్ల పేర్లు రాయడం లేదు. ఒక దుకాణం కాకపోతే పక్క దుకాణంలోనూ ఇదే సరుకు. లోపం ఎక్కడుంటుందో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా పట్టుకోవచ్చు. కింద రాసినవన్నీ వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) సైట్ల గురించి. ఇక్కడ అమ్ముడయ్యేవి ఎక్కువగా అవే.

"ఇది మేమే తయారుచేసిన సాఫ్ట్‌వేర్" అంటే వెంటనే అడ్మిన్‌లో ప్లగిన్ల (సైట్‌కు అదనపు సౌకర్యాలు జోడించే ప్రోగ్రాముల) పేజీ తెరిపించండి. యూజర్ సబ్మిటెడ్ పోస్ట్స్, డబ్ల్యూపీ యూజర్ ఫ్రంటెండ్ లాంటివి వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. వాటిని వాడటం తప్పేమీ కాదు, అమర్చినందుకు కూలి అడగడమూ న్యాయమే. కొటేషన్‌లో "సాఫ్ట్‌వేర్ ఖరీదు" అని విడిగా ఉంటే మాత్రం ఆ లైను కొట్టించేయండి. అసలు ప్రమాదం డబ్బు పెట్టి కొనాల్సిన ప్లగిన్లతో. లైసెన్స్ తనిఖీ పీకేసిన కాపీని తెచ్చి పెడతారు, నల్డ్ కాపీ అంటారు దాన్ని. దానికి అప్‌డేట్లు రావు, బయటివాడు లోపలికి దూరేందుకు దొడ్డిదారి కోడ్ కూడా అందులో ఉండొచ్చు. ప్లగిన్ సెట్టింగ్స్‌లో లైసెన్స్ పేజీ తెరిచి అది యాక్టివ్‌గా ఉందో లేదో చూడండి. కొన్న బిల్లు మీ ఈమెయిల్ మీద ఉండాలి. డెవలపర్ తన ఏజెన్సీ లైసెన్స్ వాడితే మోసమేమీ లేదు గానీ, అతను రెన్యువల్ ఆపిన రోజే మీకు అప్‌డేట్లూ ఆగిపోతాయి.

ఇంకో పెద్ద లోపం: వచ్చిన రచన ఎడిటర్ కంటబడకుండానే సైట్‌లో కనబడటం. ఇది ఎలా జరుగుతుందంటే, వర్డ్‌ప్రెస్‌లో కాంట్రిబ్యూటర్ హోదా ఉన్నవాళ్లు రాయగలరు గానీ ప్రచురించలేరు, ఫొటో కూడా ఎక్కించలేరు. ఫొటో ఎక్కడం లేదని మీరు ఫిర్యాదు చేస్తారు. డెవలపర్ తేలిక దారి చూసుకుని అందరికీ ఆథర్ హోదా ఇచ్చేస్తాడు. ఆథర్ ఫొటోలు పెట్టగలడు, తన పోస్టు తానే ప్రచురించగలడు, తర్వాత తానే తీసేయగలడు. మీ "పరిశీలన" అన్న మాటకు ఇక అర్థమే ఉండదు. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ తెరిచి కొత్త యూజర్‌కు ఇచ్చే హోదా సబ్‌స్క్రైబర్ (చదవడం తప్ప రాయలేని హోదా) అని ఉందేమో చూడండి. ఫారం సెట్టింగ్‌లో పోస్టు స్థితి పెండింగ్ అని ఉండాలి. ఫొటోను ఫారమే తీసుకోవాలి, అందుకోసం హోదా పెంచనక్కర్లేదు.

పరీక్షించేటప్పుడు మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి ఉండకూడదు. ఇంకొకరి ఫోన్‌లో, మొబైల్ డేటా మీద చేయండి. కారణం ఉంది. వర్డ్‌ప్రెస్ ఫారాల్లో నాన్స్ అనే రహస్య టోకెన్ ఉంటుంది, దాని ఆయుష్షు మామూలుగా 24 గంటలకు మించదు. స్పీడు కోసం పెట్టిన క్యాషింగ్ ప్లగిన్ ఫారం పేజీని రోజుల తరబడి దాచి అదే చూపిస్తుంటే టోకెన్ చచ్చిపోతుంది, పాఠకుడికి "లింక్ గడువు తీరింది" అని వస్తుంది. లాగిన్ అయినవాళ్లకు సాధారణంగా క్యాష్ పేజీ చూపరు కాబట్టి మీకూ డెవలపర్‌కూ అంతా బాగానే కనబడుతుంది. ఉగాది కవితల పోటీకి ఆఖరి రోజున పంపినవాళ్లు మాత్రం ఫోన్లు చేస్తుంటారు. ఫారం పేజీని క్యాష్ నుంచి మినహాయించమని కొటేషన్‌లోనే రాయించండి. అప్పగించిన రోజు ఒకసారి, రెండు రోజులు ఆగి మరోసారి పరీక్షించండి.

ఇక తెలుగు. డెమోలో ఎప్పుడూ ఇంగ్లీషు వాక్యాలే పెట్టి చూపిస్తారు, తెలుగు పెడితే గుట్టు బయటపడుతుంది కాబట్టి.

మన దగ్గర డీటీపీ ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలోనే. రచయిత పేజ్‌మేకర్ నుంచి కాపీ చేసి ఫారంలో పేస్ట్ చేస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు పడతాయి. అను ఫాంటు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలను కూర్చుతుంది మరి. ఫారం పైన "యూనికోడ్‌లో మాత్రమే పంపండి" అని పెద్దగా ఉండాలి (ఫోన్లలో, వెబ్‌లో తెలుగు రాసేందుకు వాడే అక్షరాల ప్రమాణం యూనికోడ్). యూనికోడ్ తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేని రచనను ఫారమే వెనక్కి తిప్పాలి. ఇది చిన్న కోడ్ పని, అడిగితే చేసిపెడతారు, అడక్కపోతే చేయరు.

పదాల పరిమితి ఇంకో తలనొప్పి. "500 పదాలు మించరాదు" అన్న నిబంధనకు వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలోని మామూలు పదాల లెక్కింపు వాడితే తెలుగు పదాలను అది పదాలుగా గుర్తించదు. ఎంత రాసినా సున్నా. కనీసం ఇన్ని పదాలుండాలని షరతు పెట్టారా, ఏ తెలుగు రచనా దాటదు. అక్షరాల పరిమితిదీ ఇదే గోల. "లక్ష్మి" మన కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో ఒత్తులకు వాడే పొల్లు, గుడి విడివిడిగా లెక్కకొచ్చి ఏడవుతాయి, కంప్యూటర్ నిల్వ కొలిచే బైట్లలో చూస్తే 21. బైట్ల లెక్కన 500కు కత్తిరించే ఫారం 166 గుర్తుల దగ్గరే ఆపేస్తుంది, చివరి అక్షరం సగానికి తెగి నల్ల డైమండ్ ప్రశ్నార్థకం కనబడుతుంది. అవార్డుకొచ్చిన కవిత అయినా అంతే.

లింకుల సంగతీ చూడండి. శీర్షిక నుంచి తయారయ్యే లింకు ముక్కకు వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో 200 గుర్తులే చోటు. తెలుగు గుర్తు ఒక్కోటి శాతం గుర్తులతో కోడ్ అయ్యి 9 తింటుంది. అంటే 22 తెలుగు గుర్తులకే చోటు, ఒక్క "లక్ష్మి"కే 63 పోతాయి. పొడుగు శీర్షికలు మధ్యలో తెగుతాయి. వాట్సాప్‌లో పెడితే లింకు బారెడు. పర్మాలింక్స్ అనే సెట్టింగ్‌లో (లింకు రూపం నిర్ణయించేది అదే) పోస్టు నంబరు వచ్చే అమరిక పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. సైట్‌లో పోస్టులు పేరుకున్నాక మారిస్తే పాత లింకులు చెడొచ్చు, కాబట్టి మొదటి రోజే చేయించాలి.

ఫొటోల దగ్గర రెండు సంగతులు. పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా ఒక ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ వరకే ఒప్పుకుంటుంది. ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటే 2 ఎంబీ దాటుతుంది. మొత్తం పరిమితి దాటితే ఫొటోతో పాటు రాసిన రచన కూడా పోతుంది, ఫారం ఖాళీగా తిరిగొస్తుంది, ఎందుకో చెప్పదు. కాబట్టి హోస్టింగ్‌లో పరిమితి పెంచి, ఫారంలో పైనే "ఫొటో ఇంత సైజు లోపు" అని రాయించాలి. రెండోది భద్రత. జేపీజీ, పీఎన్‌జీ తప్ప మరేదీ తీసుకోకూడదు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు నడవకుండా సర్వర్‌లో ఆపాలి. ఫారం ద్వారా ఒక్క పీహెచ్‌పీ ఫైలు లోపలికి వెళ్లి నడిచిందంటే సైట్ మొత్తం పరాయివాళ్ల చేతిలో పడినట్టే. కోడ్‌తో గీసే ఎస్‌వీజీ బొమ్మలో స్క్రిప్టు దాచొచ్చు, అందుకే వర్డ్‌ప్రెస్ దాన్ని మామూలుగా ఒప్పుకోదు. "ఎస్‌వీజీ కూడా తీసుకుంటుంది" అని ఎవరైనా గొప్పగా చెబితే అనుమానించండి.

కొత్త రచన వచ్చిందని ఈమెయిల్ రావడం లేదన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే: పంపినవారి స్థానంలో పాఠకుడి జీమెయిల్ అడ్రసు పెడతారు. మీ సర్వర్ జీమెయిల్ పేరుతో ఉత్తరం పంపితే అది స్పామ్‌లోకి పోతుంది. పంపేది మీ డొమైన్ అడ్రసు నుంచి, ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ సర్వర్‌లో లాగిన్ అయి ఉత్తరం పంపే పద్ధతి) ద్వారా కావాలి. పాఠకుడి అడ్రసు రిప్లై-టులో (జవాబు వెళ్లే గడిలో) ఉంటే చాలు.

స్పామ్‌కు ఒక్క క్యాప్చా సరిపోదు. మనుషుల కంటికి కనబడక, స్పామ్ ప్రోగ్రాములే నింపి దొరికిపోయే హనీపాట్ గడి, ఒక రచనలో లింకుల సంఖ్యకు హద్దు, ఈ రెండూ కావాలి. లింకులు అమ్ముకునేవాళ్లు ఇలాంటి ఫారాల కోసమే వెతుకుతుంటారు. పాఠకుల రచనల్లోని లింకులకు నోఫాలో లేదా యూజీసీ గుర్తు (ఈ లింకును మేం సిఫారసు చేయడం లేదని, లేదా పాఠకులు పెట్టిందని గూగుల్‌కు చెప్పేది) తగిలించమనండి, ఫారం తనంతట తాను తగిలించదు. పాఠకులు ఎక్కించిన స్పామ్‌కు గూగుల్ సైట్ మీదే చర్య తీసుకుంటుంది.

హామీపత్రం గడి మరవద్దు. "ఈ రచన నా సొంతం, మరెక్కడా ప్రచురితం కాలేదు" అన్న టిక్, తేదీ, సమయం పోస్టుతో పాటు నిలవుండాలి. పోటీ అయితే రచయిత పేరు, ఫోన్ విడి గడుల్లో పడి, న్యాయనిర్ణేతలకు కనబడకూడదు. ఇతరులు పెట్టిన సమాచారానికి బాధ్యత నుంచి మినహాయించే ఐటీ చట్టం 79వ సెక్షన్ మమ్మల్ని కాపాడుతుందిలే అనుకోవద్దు. ఆ రక్షణ సమాచారాన్ని ఎంచని, మార్చని మధ్యవర్తికి. మీరు ఏరి, దిద్ది వేస్తున్నారు కదా.

డబ్బు సంగతి. పని మొత్తానికి ముందే కట్టొద్దు, పైన చెప్పిన పరీక్షలు తెలుగు రచనతో నెగ్గాకే చివరి వాయిదా. డొమైన్, హోస్టింగ్ మీ పేరున, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. ఇది ఒప్పుకోని చోట బేరమే వద్దు. కొటేషన్, యూపీఐ రసీదులు, వాట్సాప్ సంభాషణ దాచండి. గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే లాభం కోసం నడిపే వ్యాపారానికి కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని అవతలివాళ్లు వాదిస్తారు. సొంత జీవనోపాధి కోసం నడుపుతుంటే మాత్రం 2019 చట్టంలో మినహాయింపు ఉంది.

ఇప్పటికే ఇరుక్కుని డెవలపర్‌ను మార్చేవాళ్లు ముందు హోస్టింగ్ పాస్‌వర్డ్, తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, మొత్తం బ్యాకప్ దించుకోండి. అతని అడ్మిన్ ఖాతా తీసేటప్పుడు నిదానంగా చదివి నొక్కండి. లాగిన్ లేకుండా వచ్చిన రచనలు చాలా సైట్లలో ఆ ఖాతా పేరు మీదే చేరి ఉంటాయి. వర్డ్‌ప్రెస్ రెండు దారులు చూపిస్తుంది: కంటెంట్ అంతా తీసేయాలా, మరొకరి పేరుకు మార్చాలా అని. రెండోదే ఎంచి మీ ఖాతా పేరు పెట్టండి. మొదటిది నొక్కితే పాఠకులు పంపిన రచనలన్నీ ఆ ఖాతాతో పాటే పోతాయి.