పెద్దపేగు తీసేశాక: లోపలి పౌచ్, పొట్టమీది సంచి – ఏది మేలు?

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు మందులకు లొంగనప్పుడు పెద్దపేగును, పురీషనాళాన్ని తొలగించవలసి రావచ్చు. ఆ తరువాత మలం ఏ దారిన బయటికి రావాలన్నది రోగి బతుకంతా వెంట ఉండే నిర్ణయం. చిన్నపేగు చివరను పొట్టమీదికి తెచ్చి సంచి తగిలించడం ఒక మార్గం. 1952లో సర్జన్ బ్రయాన్ బ్రూక్ దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. చిన్నపేగుతోనే లోపల మలం నిలిచే తిత్తి (పౌచ్) కుట్టి మలద్వారానికి కలపడం రెండవది. దీన్ని 1978లో సర్జన్లు పార్క్స్, నికల్స్ వివరించారు.

సంచి మాట వినగానే చాలామంది పౌచ్ వైపే మొగ్గుతారు. పైకి ఏమీ కనబడకూడదన్న కోరిక సహజమే. అయితే పౌచ్ పెద్దపేగు చేసే పనినంతా చేయలేదు. అన్నీ సవ్యంగా ఉన్నా రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు విరేచనానికి వెళ్లవలసి వస్తుంది, రాత్రి ఒకసారి లేవడమూ మామూలే. మునుపటిలా పరుగెత్తే అవసరం తగ్గుతుంది గనుక ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ కాలక్రమంలో దాదాపు సగం మందికి ఒక్కసారైనా పౌచ్ వాస్తుంది. ఎక్కువమందికి యాంటీబయాటిక్స్‌తో తగ్గినా, కొందరిని అది పదేపదే పట్టుకుంటుంది. శస్త్రచికిత్స తరువాత కటిభాగంలో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల స్త్రీలకు గర్భం నిలిచే అవకాశమూ తగ్గవచ్చు కాబట్టి, పిల్లలు కావాలనుకునేవారు పౌచ్‌ను వాయిదా వేయడం గురించి సర్జన్‌తో ముందే మాట్లాడాలి.

సంచి కష్టాలు వేరు. చర్మానికి అంటించే పట్టీ రంధ్రాన్ని స్టోమా (పొట్టమీదికి తెచ్చిన పేగు నోరు) కొలతకు సరిగ్గా కత్తిరించుకోవాలి. కాస్త వెడల్పైనా జీర్ణరసం తగిలి చుట్టూ చర్మం మండిపోతుంది. సంచి మూడోవంతు నిండేసరికి ఖాళీ చేయాలి. నీటినీ ఉప్పునూ పీల్చుకునే పెద్దపేగు లేనందున ఒంట్లో నీరు తగ్గే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కొందరికి స్టోమా పక్కన హెర్నియా (కండరాల సందులోంచి పేగు ఉబ్బడం) వస్తుంది. దీనికి బదులుగా దక్కేది నిశ్చింత: ఎక్కడికి వెళ్లినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కునే అలవాటు నెమ్మదిగా వదులుతుంది.

ఈ రెండు వర్గాలవారి జీవన నాణ్యతను పోల్చిన అధ్యయనాల్లో మొత్తం ఫలితాలు చాలావరకు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అందుచేత సిగ్గు ఒక్కటే కారణంగా పౌచ్ ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం. మలద్వార కండరాలు బలహీనంగా ఉన్నవారికి, క్రోన్స్ (చిన్నపేగుకూ సోకగల మరో పేగువాపు జబ్బు) అనుమానం ఉన్నవారికి సంచే మేలు. కండరాలు గట్టిగా ఉండి, రెండు మూడు దశల శస్త్రచికిత్సలకు సిద్ధపడిన యువతకు పౌచ్‌నే ముందు సూచిస్తాను. అది విఫలమైనా సంచికి మారవచ్చు, శాశ్వత సంచి కోసం మలద్వారం మూసేశాక మాత్రం పౌచ్‌కు వెనక్కి రాలేరు.

పౌచ్ ఎంచుకున్నవారు కూడా సాధారణంగా కొన్ని నెలలు తాత్కాలిక సంచితో గడుపుతారు. కనుక ఏ దారి ఎంచుకున్నా, స్టోమా చోటును శస్త్రచికిత్సకు ముందే స్టోమా నర్సుతో గుర్తు పెట్టించుకోవాలి. నిలబడి, కూర్చుని, వంగి చూడాలి. పొట్ట మడత పడే చోట పట్టీ అతుక్కోదు.